మంచు నాటి దాయాది

కొంగునాట తెలుగు జాడలు: 17వ భాగం

కోయంబత్తూరులోని పీలమేడు పేరులోనే నూగు ఉంది. తమిళంలో పీళై అనే మొక్కను తెలుగువాళ్లు కొండపిండి అంటారు. గట్ల మీదా బీళ్లలోనూ మొలిచే చిన్న మొక్క. కొమ్మ పొడవునా దూది పింజలు అతికించినట్టు తెల్లటి కంకులు. ఆ మొక్క దండిగా పెరిగిన మిట్ట కాబట్టి పీలమేడు అయిందని చెబుతారు. తర్వాత మిట్ట చుట్టూ పత్తి వచ్చింది, పత్తి వెంట మిల్లులొచ్చాయి, 1930ల్లో పైకారా నీటి కరెంటు వచ్చి మిల్లులకు ఊపు తెచ్చింది. పోయిన భాగం 1926 దగ్గర ఆగింది. పి.ఎస్.జి. అన్న మూడక్షరాల్లో మొదటి అక్షరం పీలమేడే. చివరి అక్షరమైన గోవిందస్వామి నాయుడి నలుగురు కొడుకులూ ఆస్తిని ఐదు వాటాలు వేసి, ఐదో వాటాను ధర్మానికి రాసిచ్చిన కథ అది.

ఈ భాగంలోనూ వాటాల గొడవే. దాయాదులు మాత్రం వేరు. ఒకటి పీలమేటికి ఓ ఇరవై కిలోమీటర్ల దూరంలో, అడవి అంచున ఈ రాత్రి కూడా తిరుగుతూ ఉంటుంది. రెండోది ఆర్కిటిక్ సముద్రంలోని ఒక దీవి మీద, దాదాపు నాలుగు వేల ఏళ్ల కిందట, నిర్వంశమైపోయింది.

పీలమేట్లో మేడ ఎక్కి పడమటికి చూస్తే కనుమలు నీలిరంగు గోడలా కనిపిస్తాయి. కోయంబత్తూరుకు నైరుతిలో ఆ గోడ విరుగుతుంది. ముప్పై నలభై కిలోమీటర్ల వెడల్పున్న ఆ ఖాళీయే పాలక్కాడు సందు. మలబారు గాలి కొంగునాటికి వచ్చేది అందులోంచే. 1862లో మద్రాసు నుంచి పడమటి తీరానికి రైలు వెళ్లిందీ అందులోంచే. మదుక్కరై, వాళయార్ మధ్య ఆ పట్టాలు కొండల పాదాలను ఒరుసుకుంటూ పోతాయి. 2021 నవంబరు 26 రాత్రి అక్కడి నవక్కరై దగ్గర మంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్ ఢీకొని మూడు ఏనుగులు చనిపోయాయి. 2024 ఫిబ్రవరిలో తమిళనాడు అటవీశాఖ ఆ పట్టాల వెంట 12 టవర్లు నిలబెట్టి కెమెరాలు బిగించింది. వాటిలో మామూలు కెమెరాలే కాక వేడిని పసిగట్టేవీ ఉన్నాయి. ఏనుగు పట్టాల దరికి వస్తే కంప్యూటరు గుర్తుపట్టి రైల్వేవాళ్లకు కబురు పంపుతుంది.

వేడి కెమెరాకు వెలుతురుతో పనిలేదు. ఒంటి వేడే దానికి బొమ్మ. ఏనుగుకు మనిషిలా ఒళ్లంతా చెమట పట్టదు. లోపల కాక ఎక్కువైతే నెత్తురును చెవుల్లోకి తోలి, చెవులు విసురుకుని చల్లబడుతుంది. చేటంత చెవులని పొడుపుకథల్లో చెప్పుకుంటాం గానీ, ఆ చేట చేసే పని చెరగడం కాదు, చల్లార్చడం.

ఆ చేట జానెడున్నరకు కుదించుకుపోవాలి. తోక సగానికి సగం తరిగిపోవాలి. చర్మం కింద నాలుగు వేళ్ల మందాన కొవ్వు పేరుకోవాలి. ఒంటి మీద ముందు దట్టమైన ఉన్ని, దాని మీద రెండు మూరల దాకా వేలాడే ముతక వెంట్రుకలు రావాలి. నడినెత్తి మీద గుమ్మటం, మెడ వెనక మూపురం, అక్కణ్ణుంచి తోకదాకా ఏటవాలుగా దిగే వీపు. అప్పుడు మదుక్కరై ఏనుగు ఆ రెండో దాయాది, అంటే ఉన్ని మామత్, అవుతుంది. తోక కింద మలద్వారాన్ని మూసే తోలు తలుపు కూడా దానికి ఉండేది. సైబీరియా చలిలో ఆ మాత్రం వేడినైనా ఎవరు వదులుకుంటారు?

సినిమాల పుణ్యమా అని మామత్ అంటే మేడంత ఎత్తున్న జంతువనుకోవడం అలవాటైంది. అది నిజం కాదు. ఉన్ని మామత్ మగది భుజం దగ్గర మూడు మీటర్ల చిల్లర. ఆనైమలై అడవిలోని పెద్ద మగ ఏనుగు దాని పక్కన నిలబడితే తలదించుకోవాల్సిన పనిలేదు. తేడా అంతా దంతాల్లో ఉంది. మామత్ దంతాలు ముందు కిందికి, తర్వాత పక్కకు, చివర్లో మళ్లీ లోపలికి మెలి తిరిగి నాలుగు మీటర్ల పొడవు దాకా పెరిగేవి.

చుట్టరికం మాటకొస్తే మన ఏనుగుకు ఆఫ్రికా ఏనుగు కన్నా మామత్ దగ్గరి చుట్టం. మూడు వంశాలకూ పుట్టిల్లు ఆఫ్రికాయే. ముందు ఆఫ్రికా ఏనుగు వంశం వేరుపడింది. ఆ తర్వాత కొంతకాలానికి, సుమారు 60 లక్షల ఏళ్ల కిందట, మిగిలిన రెండూ విడిపోయాయి. మంచులో చెడకుండా మిగిలిన డీఎన్‌ఏను పోల్చి 2006లో ఈ సంగతి గట్టిగా తేల్చారు. 2008లో మామత్ జన్యుపటంలో చాలా భాగం చదివేశారు. అంతరించిన జంతువు దేనికైనా అంత పని జరగడం అదే మొదలు.

డీఎన్‌ఏ మాట ఎవరికీ తెలియని రోజుల్లోనే ఈ లెక్కలోకి ఆసియా ఏనుగు వచ్చింది. 1796లో పారిస్‌లో కువియే అనే 26 ఏళ్ల జంతుశాస్త్రజ్ఞుడు ఒక ప్రసంగం చదివాడు. ఫ్రెంచి సైన్యం హాలెండు నుంచి పట్టుకొచ్చిన కొల్లసొత్తులో రెండు ఏనుగు పుర్రెలున్నాయి, ఒకటి సింహళానిది, ఒకటి ఆఫ్రికాది. వాటిని పక్కపక్కన పెట్టి, రెండూ ఒకే జాతి కావని చూపించాడు. సైబీరియా నేలలో దొరుకుతున్న ఎముకలు ఈ రెంటికీ చెందవని మూడో మాట అన్నాడు. అంటే అలాంటి జంతువు ఒకప్పుడు ఉండేది, ఇప్పుడు లేదు. దేవుడు చేసిన జంతువు పూర్తిగా లేకుండా పోతుందంటే ఆనాటి ఐరోపాలో చాలామంది ఒప్పుకునేవారు కాదు. సింహళపు పుర్రె లేకపోతే ఆ వాదం ఇంకెన్నాళ్లు సాగేదో!

మూడేళ్లకు లీనా నది ముఖద్వారం దగ్గర ఎవెంకీ తెగ వేటగాడు షుమాకోవ్‌కు మంచుగోడలో ఏదో నల్లటి ముద్ద కనిపించింది. ఏటా వెళ్లి చూసేవాడు. మంచు కరిగేకొద్దీ ముందు ఒక పక్క, తర్వాత ఒక దంతం, చివరికి శవమంతా బయటపడింది. 1804లో దంతాలు కోసి ఒక వర్తకుడికి యాభై రూబుళ్ల విలువచేసే సరుకులకు ఇచ్చేశాడు. వృక్షశాస్త్రజ్ఞుడు ఆడమ్స్ 1806లో అక్కడికి చేరేసరికి మాంసంలో చాలా భాగం కుక్కలూ తోడేళ్లూ తినేశాయి. తొండం పోయింది. మిగిలిన చర్మాన్ని లాగడానికి పదిమంది పట్టాల్సి వచ్చింది. నేల మీద రాలిన వెంట్రుకలే పదహారు కిలోల పైన ఏరుకున్నాడు.

ఆ ఎముకలను సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో 1808లో టిలేసియుస్ అనే జర్మన్ పండితుడు నిలబెట్టాడు. ఏ ఎముక ఎక్కడ పెట్టాలో తెలియడానికి ఆయన ముందు పెట్టుకున్న నమూనా అదే మ్యూజియంలోని ఇండియా ఏనుగు అస్థిపంజరం. తొడ, పక్కటెముకలు, వెన్నుపూస అన్నీ దాన్ని చూసే పేర్చాడు. అన్నీ కుదిరాయి, దంతాలు తప్ప. అలా మెలితిరిగిన దంతాలు ఇండియా ఏనుగుకు లేవు మరి! కుడిది ఎడమకు, ఎడమది కుడికి తగిలించాడు. కొనలు లోపలికి రావాల్సినవి బయటికి చూస్తూ నిలబడ్డాయి. ఆ తప్పు దిద్దడానికి దశాబ్దాలు పట్టింది.

ఇలా దొరికిన శవాల్లో చూసినవాళ్లు మరచిపోలేనిది మాత్రం ల్యూబా. 2007 మే నెలలో యమాల్ ద్వీపకల్పంలో యూరి ఖూదీ అనే ధ్రువపు జింకల కాపరికి యూరిబేయ్ నది ఒడ్డున కనిపించింది. నెల వయసున్న ఆడపిల్ల. బరువు యాభై కిలోలు, ఎత్తు 85 సెంటీమీటర్లు. మామత్‌ను ముట్టుకుంటే అరిష్టమని ఆయన తెగలో నమ్మకం. ముట్టుకోకుండా సాయం కోసం వెళ్లాడు. వచ్చేసరికి పిల్ల మాయం. వెతగ్గా వెతగ్గా పక్క ఊళ్లో ఒక దుకాణం గోడకు చేరవేసి ఉంది. అప్పటికే ఊరకుక్కలు కుడి చెవినీ తోకనూ కొరికేశాయి. అంతకుమించి నష్టం జరగలేదు. కనురెప్పల వెంట్రుకలు కూడా నిలిచే ఉన్నాయి. ఆ పిల్లకు ఖూదీ భార్య పేరే పెట్టారు.

ల్యూబా చనిపోయి 42 వేల ఏళ్లు. తొండం నిండా, గొంతు నిండా బురద కూరుకుపోయి ఊపిరాడక చనిపోయింది. పేగులు తెరిస్తే తల్లి పాలతో పాటు పెద్ద మామత్ పేడ కనిపించింది. పరిశోధకులు ఆశ్చర్యపోలేదు. ఏనుగు పిల్లలు ఇప్పటికీ అదే పని చేస్తాయి. గడ్డి అరిగించే సూక్ష్మజీవులు పిల్ల కడుపులో పుట్టుకతో ఉండవు. తల్లి పేడ తినే సంపాదించుకోవాలి. ఆనైమలై కోళికముత్తి క్యాంపులో తరతరాలుగా ఏనుగుల్ని సాకే మలసర్ మావటీలకు ఇది కొత్త కబురు కాదు.

ఇక పళ్లు. ఏనుగు వంశంలో చూసితీరాల్సిన వింత అవే. మామత్ దవడ పన్ను చెప్పు అడుగులా పొడవుగా ఉంటుంది. పైభాగం చదును. ఆ చదును మీద అడ్డంగా పలుచని గట్లు, ఒకదాని పక్కన ఒకటి, చివరి పన్నులో పాతికకు అటూ ఇటూ. గట్టు గట్టుకూ చుట్టూ గట్టి ఎనామిల్, లోపల కాస్త మెత్తని దంతధాతువు, గట్ల మధ్య ఇంకా మెత్తని సిమెంటు పూత. నమిలే కొద్దీ మెత్తనివి ముందు అరుగుతాయి, గట్టివి పైకి తేలి ఉంటాయి. కోయంబత్తూరు గ్రైండర్‌కు దేశమంతా పేరుంది. ఆ రాయి నున్నబడితే పిండి సరిగా నలగదు, మళ్లీ ఉలితో గంట్లు కొట్టించాలి. పీలమేటి ఇళ్లలో ఈ సంగతి పిల్లలకూ తెలుసు. మామత్ రాయికి గంట్లు కొట్టేవాడితో పనిలేదు. అరిగేకొద్దీ గంట్లు వాటంతటవే తేలతాయి.

మన ఏనుగు పన్నూ అచ్చం ఇదే పద్ధతి, గట్లు మాత్రం కొంచెం తక్కువ. రెండింటికీ జన్మకు ఆరు జతలే. పన్ను కింది నుంచి రాదు. వెనక నుంచి ముందుకు జరుగుతూ వచ్చి, ముందున్న అరిగిన ముక్కను తోసేస్తుంది. ఆరో జత అరిగిపోతే ఇక తిండి నలగదు. అడవి ఏనుగుకు అరవై ఏళ్లు నిండాక రోజులు దగ్గరపడేది అందుకే. కోళికముత్తిలో కలీమ్ అనే కుంకీకి, అంటే అడవి ఏనుగుల్ని పట్టడంలో తోడ్పడే పెంపుడు ఏనుగుకు, 2023 మార్చిలో సరిగ్గా అరవయ్యో ఏట సెల్యూట్ చేసి పదవీ విరమణ ఇచ్చారు. మామూలు సర్కారు నౌకరీకి లాగే కనిపిస్తుంది గానీ, ఆ లెక్క పళ్లలోనూ ఉంది.

మరి ఈ దాయాది మన వైపు ఎందుకు రాలేదు? మామత్‌కు కావలసింది చలి, దాంతో పాటు ఎండు గడ్డి. స్పెయిన్ నుంచి సైబీరియా మీదుగా అలాస్కా దాటి కెనడా దాకా ఒకప్పుడు చెట్టూ చేమా లేని గడ్డి మైదానం పరచుకుని ఉండేది. వర్షం తక్కువ, మంచు కూడా పలుచన. దక్షిణాన స్పెయిన్‌లోని గ్రనడా దాకా దాని ఎముకలు దొరికాయి. హిమాలయం దాటి ఇటు రాలేదు. మంచుయుగమంటే తెలుగునేల మీద కూడా మంచు కురిసిందని అనుకోనక్కర్లేదు. భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ 1880ల్లో కర్నూలు జిల్లా బేతంచర్ల దగ్గరి బిల్లసర్గం గుహలు తవ్వితే ఖడ్గమృగం ఎముకలు బయటపడ్డాయి. లిడెక్కర్ అనే శాస్త్రవేత్త 1886లో దానికి కర్నూలు పేరే పెట్టాడు. ఖడ్గమృగం మేసిన నేలలో ఉన్ని కోటు తొడుక్కున్న ఏనుగుకు ఏం పని?

అంతమాత్రాన ఇటువైపు పాత ఏనుగులు తక్కువేమీ కాదు. 1830ల్లో సహారన్‌పూర్ తోటల అధికారి ఫాకనర్, కాలువల ఇంజనీరు కాట్లీ కలిసి శివాలిక్ కొండల్లో బండ్ల కొద్దీ ఎముకలు తవ్వారు. పొడవైన దంతాలున్న ఒకదానికి గణేశ అని పేరు పెట్టారు. శాస్త్ర గ్రంథాల్లో అది ఇప్పటికీ స్టెగోడాన్ గణేశయే. నర్మద ఒండ్రులో ఇంకోటి దొరికింది. దాని ఎముకలే గోదావరి ఒండ్రులో కూడా దొరికాయని 1905లో పిల్‌గ్రిమ్ అనే భూగర్భ శాస్త్రవేత్త రాశాడు. శివాలిక్ పళ్ల గట్లు లెక్కపెట్టి చెయ్యి తిరిగిన ఆ ఫాకనరే 1857లో అమెరికా మామత్‌కు కొలంబస్ పేరు మీద నామకరణం చేశాడు. ఇక్కడి ఏనుగుల దగ్గర నేర్చిన విద్యతో అక్కడి మామత్‌ను గుర్తుపట్టాడన్నమాట.

మామత్ ముగింపు ఒక్క దెబ్బతో రాలేదు. భూమి వేడెక్కింది, గడ్డి మైదానం బురదనేలగానూ అడవిగానూ మారింది. ఈటెలు పట్టిన మనుషులు వెంటపడ్డారు. యుక్రెయిన్‌లోని మెజిరిచ్‌లో 1965లో ఒక రైతు ఇంటి కింద నేలమాళిగ తవ్వుతుంటే మామత్ దవడలు ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టిన గుడిసె బయటపడింది. సుమారు పదివేల ఏళ్ల కిందటికి ఖండం మీద దాదాపు ఎక్కడా మామత్ లేదు. దీవుల్లో మాత్రం మిగిలాయి. అలాస్కా పక్కన సెయింట్ పాల్ దీవిలో 5,600 ఏళ్ల కిందటి దాకా బతికాయి. సముద్రం పెరిగి దీవి చిన్నదైంది, మంచినీటి మడుగులు ఎండిపోయాయి, దాహంతో పోయాయి.

చిట్టచివరివి రాంగెల్ దీవివి. సైబీరియాకు ఉత్తరాన, విస్తీర్ణం సుమారు 7,600 చదరపు కిలోమీటర్లు. ఇప్పటి కోయంబత్తూరు జిల్లా కన్నా పెద్దదే. పదివేల ఏళ్ల కిందట సముద్రం పెరిగి దాన్ని ఖండం నుంచి తెంపేసినప్పుడు అక్కడ చిక్కుకున్న మామత్‌లు మహా అయితే ఎనిమిదని స్టాక్‌హోమ్ పరిశోధకులు 2024లో డీఎన్‌ఏ చూసి లెక్కగట్టారు. ఆ ఎనిమిదీ ఇరవై తరాల్లో రెండు మూడు వందలయ్యాయి. అక్కణ్ణుంచి ఆరు వేల ఏళ్లు అంతే. పెరగలేదు, తగ్గలేదు. మేనరికాల మీద మేనరికాలు జరిగి ఒంట్లో లోపాలు పోగుపడుతూనే ఉన్నా గుంపు నడిచింది. ఆ తర్వాత ఏదో జరిగి ఉన్నట్టుండి పోయాయి. వ్యాధో, తుఫానో, మేత లేని ఏడాదో.

ఆ కాలానికి ఈజిప్టులో పిరమిడ్లు కట్టి కొన్ని శతాబ్దాలు దాటింది. సింధులోయలో ముద్రల మీద ఏనుగు బొమ్మ చెక్కుతున్నారు. పాలమూరు సీమ ఉట్నూరులో ఆవులదొడ్ల పేడ కాల్చి బూడిద దిబ్బలు లేపిన పశుపాలకులు మన నేల మీద తిరుగుతున్నారు. మామత్ అంత పాత సంగతేమీ కాదు. మన ముత్తాతల ముత్తాతలు ఆవులు కాస్తున్న రోజుల్లో అది బతికే ఉంది.

రాంగెల్ దీవి గురించి ఇంతసేపు చెప్పుకోవడానికి కారణం పాలక్కాడు సందు. 2005లో బెంగళూరుకు చెందిన పరిశోధకులు విద్య, సుకుమార్ తదితరులు దక్షిణాది ఏనుగుల పేడ నుంచి డీఎన్‌ఏ తీసి చూశారు. సందుకు ఉత్తరాన నీలగిరి వైపు ఏనుగులన్నిటిలో తల్లి నుంచి వచ్చే డీఎన్‌ఏ ఒకే రకం. సందుకు దక్షిణాన ఆనైమలై, పెరియార్ వైపువి వేరు. అంటే కోయంబత్తూరు నుంచి పడమటికి కనిపించే ఆ గోడలో విరిగిన చోటు ఏనుగుల పాలిట సముద్రం. 2024లో వచ్చిన ఇంకో పరిశోధన దేశంలోని ఏనుగుల్ని ఐదు తెగలుగా విడదీసింది. అవి ఉత్తరం నుంచి దక్షిణానికి అంచెలంచెలుగా వలస వచ్చాయనీ, దక్షిణానికి దిగేకొద్దీ జన్యు వైవిధ్యం తగ్గిపోయిందనీ చెప్పింది. అన్నిటికన్నా కింద, షెంకోట్ట సందుకు దక్షిణాన మిగిలినవి 150 లోపే.

ఉత్తరం నుంచి అంచెలంచెలుగా దిగి రావడం అనగానే ఈ ధారావాహిక చదివేవాళ్లకు ఏం గుర్తొస్తుందో వేరే చెప్పక్కర్లేదు. తెలుగువాళ్ల వలస కూడా అలాగే సాగింది: విశ్వనాథ నాయకుడి మదురై, పాళయాలు, తర్వాత కొంగు. పాపనాయకన్‌పాళయం, ఉప్పిలిపాళయం, ఆవారంపాళయం. ప్రతి పేరు చివరా ఒక మజిలీ. ఏనుగులు మాత్రం వేల ఏళ్ల ముందే వచ్చేశాయి, మజిలీలకు పేర్లు పెట్టుకోలేదు. ఆ పనీ మనుషులే చేశారు. కోయంబత్తూరు దక్షిణాన ఏనుగుకొండ అని అర్థమొచ్చే ఆనైమలై, వాయవ్యాన ఆనైకట్టి. మదురై పక్కన ఒత్తక్కడై దగ్గర పడుకున్న ఏనుగులాంటి కొండ, దాని పేరు యానైమలై.

ఆనైమలైలో తెల్లదొరలకు కావలసింది టేకు. 19వ శతాబ్దంలో బొంబాయి ఓడల కార్ఖానాకు ఇక్కడి దూలాలు పోయేవి. కొండ అంచు నుంచి దూలాల్ని కిందికి జార్చేచోటుకు టాప్‌స్లిప్ అని పేరు పడింది. అక్కడిదాకా లాగింది ఏనుగులే. అడవి నరకడానికి అడవి జంతువునే కాడికి కట్టారు. మరోపక్క 1873లో మద్రాసు ప్రభుత్వం అడవి ఏనుగుల్ని చంపకుండా చట్టం చేసింది. అది దేశమంతటికీ వర్తించే చట్టంగా రావడానికి ఇంకో ఆరేళ్లు పట్టింది.

2025లో డెహ్రాడూన్‌లోని వన్యప్రాణి సంస్థ పేడలోని డీఎన్‌ఏతోనే దేశమంతా లెక్క తీసింది. దేశంలో ఏనుగులు 22,446. అందులో సగానికి పైగా, 11,934, పడమటి కనుమల్లోనే. రాంగెల్ రెండు మూడు వందలతో పోలిస్తే ఇది కొండంత సంఖ్య. సంఖ్య ఒకటే చూస్తే గుండె నిబ్బరంగానే ఉంటుంది. పటం చూస్తే ఉండదు. కోయంబత్తూరుకు వాయవ్యాన తడాగం లోయలో ఎర్రమట్టి కోసం నేలను లోతుగా గోకేశారు. ఇటుక బట్టీల్లో కాల్చడానికి తెచ్చిన తాటిమొద్దుల గుజ్జు కమ్మగా ఉంటుంది, ఆ వాసనకు ఏనుగులు బట్టీల దాకా వచ్చేవి. కోర్టు కలగజేసుకున్నాక 2021లో అక్కడి సుమారు 180 బట్టీలు మూతపడ్డాయి. గోతులు అలాగే ఉన్నాయి.

ఇంతలో అమెరికాలో మామత్‌ను మళ్లీ పుట్టిస్తామంటూ 2021లో ఒక కంపెనీ పుట్టింది. పేరు కొలోసల్. వాళ్ల పథకంలో ముడిసరుకు ఆసియా ఏనుగు కణమే. అందులో చలికి తట్టుకునే మామత్ జన్యువులు అతికిస్తారట. మామత్ నెత్తురు గడ్డకట్టే చలిలోనూ ఆక్సిజన్‌ను కండరాలకు వదలగలిగేదని 2010లోనే ఒక కెనడా శాస్త్రవేత్త తన బృందంతో నిరూపించాడు; అలాంటి మార్పులన్నమాట. 2024లో ఏనుగు మూలకణాలు తయారుచేశామన్నారు, 2025లో మామత్ లాంటి వెంట్రుకలతో ఎలుకల్ని చూపించారు. బొచ్చు ఎలుకలు ముద్దుగానే ఉన్నాయి. ఎలుక కడుపు ఇరవై రోజుల పని. ఏనుగు కడుపు ఇరవై రెండు నెలలు. అంతరించే ప్రమాదమున్న జాతుల పట్టికలో ఉన్న జంతువు కడుపును, అంతరించిన దాని కోసం అద్దెకు అడగడం ఎంతవరకు సబబో ఆ కంపెనీవాళ్లే చెప్పాలి.

మదుక్కరై, తడాగం వైపు దాయాదికి అంత దూరపు ఆలోచనలు లేవు. దారి తెలిస్తే చాలు. తడాగంలో పొలాల మీద పడుతున్నాడని 2019 జనవరిలో చిన్న తంబి అనే మగ ఏనుగును పట్టి, లారీ ఎక్కించి, సందుకు అవతల టాప్‌స్లిప్ అడవిలో వదిలారు. మెడకు రేడియో పట్టీ కట్టారు. వారం తిరక్కుండానే అడవి దిగి నడక మొదలుపెట్టాడు. ఊళ్లు, చెరకు తోటలు దాటుకుంటూ వంద కిలోమీటర్ల దాకా నడిచి ఉడుమలైపేట దగ్గర చెరకులో నిలబడ్డాడు. జనం చిన్న తమ్ముడిని చూడ్డానికి ఎగబడ్డారు, పట్టొద్దని ధర్నాలు కూడా చేశారు. ఫిబ్రవరిలో మళ్లీ పట్టి వరగళియార్ క్యాంపు కొయ్యదొడ్లో పెట్టారు. దొడ్లో ఉంచి, బెల్లం పెట్టి, మాట నేర్పి, కుంకీని చేశారు.

2023 ఫిబ్రవరిలో ధర్మపురి వైపు పొలాల్లో తిరుగుతున్న ఒక మఖ్నాను, అంటే దంతాల్లేని మగ ఏనుగును, పట్టడానికి పంపింది చిన్న తంబినే. పని ముగిసింది. మఖ్నాను తీసుకెళ్లి అదే టాప్‌స్లిప్ వైపు వదిలారు. రెండు వారాల్లో అదీ కొండ దిగింది. పొల్లాచి పొలాల మీదుగా, మదుక్కరై పట్టాల మీదుగా, ఇళ్ల మధ్య సందుల్లోంచి కోయంబత్తూరు అంచు దాకా వచ్చింది. పేరూరు దగ్గర మత్తుసూది తగిలేసరికి అది వంద కిలోమీటర్లకు పైగా నడిచి ఉంది.

(సశేషం)